పచ్చబొట్టు ఎందుకు చెరగదు?

జాతరలో మీరు చూసే ఉంటారు. చెట్టుకింద ఒకాయన చిన్న యంత్రంతో పచ్చబొట్లు పొడుస్తుంటాడు. ఒకరిది కాగానే సూదిని గుడ్డతో తుడిచి, ఇంకొకరి చేయి అందుకుంటాడు. కిందటేడు మా తరగతి కుర్రవాడొకడు అలాగే తన పేరు పొడిపించుకుని వచ్చాడు. "సబ్బుతో ఎంత రుద్దినా పోవడం లేదు, ఎందుకు మేష్టారూ?" అని అడిగాడు. మంచి ప్రశ్నే. దాని జవాబులోనే ఒక హెచ్చరిక కూడా ఉంది.

మన చర్మంలో పై పొర బాహ్యచర్మం. దాని కణాలు నిత్యం రాలిపోతూ, కొత్తవి వస్తుంటాయి. గోరింటాకు ఎంత ఎర్రగా పండినా కొద్ది వారాలలో వెలిసిపోయేది అందుకే. పచ్చబొట్టు సూది ఇంకా లోతుకు, 1 నుంచి 2 మిల్లీమీటర్ల దాకా దిగి, అంతశ్చర్మంలో రంగును వదులుతుంది. అక్కడి భక్షక కణాలు ఆ రేణువులను మింగుతాయిగాని అరిగించుకోలేవు. ఒక కణం చనిపోతే, బయటపడిన రంగును మరొకటి మింగుతుంది. ఈ సంగతిని ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు 2018లో ఎలుకలపై ప్రయోగాలు చేసి తెలుసుకున్నారు.

అంతశ్చర్మంలో రక్తనాళాలుంటాయి. రంగు చేరిన చోటికి సూక్ష్మజీవులు చేరలేవా? ముందు పొడిపించుకున్నవారి రక్తంలో హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్.ఐ.వి. వైరస్‌లు ఉంటే, అదే సూది వాటిని మీకు అంటించవచ్చు. హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట కూడా కనీసం 7 రోజులు నిలిచి ఉండగలదు. గుడ్డతో తుడిస్తే అది పోతుందా?

సూది ఒక్కటే కాదు, రంగు కూడా శుభ్రంగా ఉండాలి. 2011లో అమెరికాలోని రోచెస్టర్‌లో 19 మందికి పచ్చబొట్టు చోట దద్దుర్లు లేచాయి. వాడిన రంగులోనే బాక్టీరియా ఉన్నట్లు తేలింది. ఆ రంగును స్వేదనజలంతో పలచన చేశారు. స్వేదనజలం అంటే లవణాలు లేని నీరేగాని, సూక్ష్మజీవులు లేని నీరని అర్థం కాదు!

పెద్దయ్యాక కావాలనుకుంటే ఇవి గమనించండి:

1. మూసి ఉన్న పొట్లం నుంచి కొత్త సూదిని మీ ఎదుటే తీయాలి.
2. ఒక్కొక్కరికి వేరే గిన్నెలో కొత్త రంగు పోయాలి.
3. పొడిచేవారు కొత్త చేతి తొడుగులు వేసుకోవాలి.
4. మళ్ళీ వాడే పరికరాలను ఆటోక్లేవులో, అంటే అధిక పీడనం గల ఆవిరిలో, 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనీసం 15 నిమిషాలు ఉంచి ఉండాలి.
5. హెపటైటిస్-బి టీకా ముందే వేయించుకోవాలి. మిగిలిన రెండు వైరస్‌లకు టీకా లేదు.

పొడిచినచోట వాపు పెరిగినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఆ కుర్రవాణ్ణి వాళ్ళ నాన్నగారితో ఆసుపత్రికి పంపాను. రక్తపరీక్షలో ఏమీ కనిపించలేదు. కాని ఈ వైరస్‌లు వెంటనే బయటపడవు కనుక, కొన్ని నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. రెండోసారి కూడా ఏమీ లేదన్నారు. "ఆ నెలలన్నీ నాకు సరిగా నిద్రే పట్టలేదు మేష్టారూ" అన్నాడు వాడు. ఈసారి జాతరలో చెట్టుకింద ఆగినప్పుడు ఆ మాట గుర్తు తెచ్చుకోండి.