రేడియో మూగబోతే నష్టం ఎవరికి?

మొన్న నాట్లప్పుడు గట్టు మీద అన్నాలు తింటుంటే ఒక పెద్దమ్మ అడిగింది: "ఏం నాయనా, మా రేడియోలో గుర్రుమనే చప్పుడు తప్ప మాట రావట్లేదు. పెట్టె పోయిందా, టేషనే పోయిందా?"

పెట్టె మెకానిక్కుకు చూపిస్తే బాగానే ఉందన్నాడు. గోల చేసేది పక్కింటి చవకరకం ఎల్‌ఇడి బల్బూ, చేలో మోటారు స్టార్టరూ. అవి ఆపితే మాట వచ్చింది. కానీ ఆమె ప్రశ్నలో రెండో సగం అంత తేలిక కాదు. టేషన్లు నిజంగానే ఒక్కొక్కటీ పోతున్నాయి.

మీడియం వేవ్ నేలను పట్టుకుని పాకే అల. ఒక్క పెద్ద టవరుంటే జిల్లాలు దాటి వినబడుతుంది. ఎఫ్‌ఎం కొన్ని పదుల కిలోమీటర్లు పోయి ఆగిపోతుంది, కొండ అడ్డొస్తే అదీ లేదు. నాగపూర్‌లో 1000 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్‌తో ఆకాశవాణి 1988లో జాతీయ ఛానల్ మొదలుపెట్టింది. రాత్రంతా వచ్చేది. చేనుకి కాపలా ఉండేవాడికి, లారీ డ్రైవరుకి అది తోడు. ఖర్చు తగ్గించాలని 2019 జనవరిలో దాన్ని మూసేశారు. ఖర్చు తగ్గించాలంటే మొదట గుర్తొచ్చేది ఎప్పుడూ పేదవాడు వాడుకునే సామానే.

దీని బదులు డిజిటల్ రేడియో అంటున్నారు. డిఆర్‌ఎం అనే పద్ధతిలో ఆకాశవాణి మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు 35 పెట్టింది. ఉన్న మాట చెప్పుకోవాలి, అది చెడ్డది కాదు. కరెంటు తక్కువ కాలుతుంది, మాట స్పష్టంగా వస్తుంది, ఒకే చోట రెండు మూడు కార్యక్రమాలు ఇవ్వొచ్చు. మనం యంత్రానికి శత్రువులం కాదు. కానీ వినే సెట్టు ఎవరి దగ్గరుంది? కొత్త కార్లలో లక్షల సంఖ్యలో ఉంది. విడిగా కొనాలంటే వేలల్లో మాట. మన పాత సెట్టయితే రెండు బ్యాటరీలు వేస్తే నెలల తరబడి పాడుతుంది, పాడైతే సంతలో ఒక తీగ అతికిస్తే మళ్లీ పలుకుతుంది. కారున్నవాడికి శ్రుతి బాగుపడి, కూలివాడి పెట్టె మూగబోతే దాన్ని ప్రగతి అనుకోవాలా?

"అందరికీ సెల్‌ఫోన్ ఉందిగా" అంటారు కొందరు. డేటాకు డబ్బెవడిస్తాడు? ఉపాధి హామీ పనిలో 2023 జనవరి నుంచి ఫోన్ యాప్‌లోనే హాజరు వెయ్యాలన్నారు. సిగ్నల్ అందక, ఫోటో ఎక్కక, చేసిన పనికి కూలి పోగొట్టుకున్నవాళ్లు మనలో ఎందరో. సిగ్నల్ సంగతి మనకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖను కొట్టినప్పుడు కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. అలాంటి రాత్రి బ్యాటరీ రేడియో ఒక్కటే మాట్లాడగలదు. ప్రభుత్వానికీ ఇది తెలుసు. విపత్తుల వేళ పనికొస్తుంది, ఫోన్లలో ఎఫ్‌ఎం తీసెయ్యొద్దని 2023లో కంపెనీలకు సలహా ఇచ్చింది. సలహా మాత్రమే, ఆజ్ఞ కాదు.

రేడియో ఇన్నాళ్లూ మన పక్షాన నిలబడిందని కాదు నేననేది. 1960లలో తంజావూరు రైతులు ఏడిటి-27 వరి గురించి రేడియోలో విని వేశారు. దానికి 'రేడియో వరి' అనే పేరే పడింది. ఆ వరి నాటిన ఆడవాళ్ల కూలి ఎంతో ఏ రేడియో చెప్పిందో నాకైతే తెలీదు. నా చిన్నతనంలో మా నాన్న పాలేరు. ఆసామి అరుగు మీద రేడియో మోగుతుంటే ఆయన కొట్టంలో చెవి ఒగ్గి వినేవాడు. ఎరువు మోతాదు ఎంతో ఆసామికంటే ఆయనకే బాగా తెలిసేది. వెయ్యడానికి సెంటు భూమి లేదు.

మన పక్షాన మాట్లాడిన రేడియో చూడాలంటే జహీరాబాద్ దగ్గర మాచనూరు పోవాలి. 2008 అక్టోబరు 15న అక్కడ దళిత మహిళలు సంఘం రేడియో మొదలుపెట్టారు. 90.4 మీద వాళ్ల యాసలోనే విత్తనాలు, చిరుధాన్యాలు, మందులు, పాటలు. అదీ అనలాగ్ ఎఫ్‌ఎమ్మే, చిన్న ట్రాన్స్‌మిటరే. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. అయినా సంఘాలకు రేడియో పెట్టుకునే అనుమతి రావడానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పటికీ సొంతంగా వార్తలు చెప్పే హక్కు లేదు. ఊళ్లో కూలి రేట్ల మీద గొడవ జరిగితే ఆ ఊరి రేడియోయే వార్తగా చెప్పకూడదట!

నార్వే దేశం 2017లో జాతీయ ఎఫ్‌ఎం ప్రసారాలు ఆపేసి డిజిటల్‌కు మారింది. అంత డబ్బున్న దేశంలో కూడా పాత సెట్లు పనికిరాకుండా పోయాయని జనం గొణిగారు. స్థానిక స్టేషన్లను మాత్రం ఎఫ్‌ఎంలోనే ఉండనిచ్చారు. మన దగ్గర ట్రాయ్ 2024 సెప్టెంబరులో ప్రైవేటు డిజిటల్ రేడియో మీద చర్చాపత్రం తెచ్చింది. అందులో మాట పెద్ద నగరాల గురించి. మన ఊళ్ల సంగతి మనమే రాయాలి.

మండల సమావేశంలో ఇది పెట్టాం. చవక సెట్టు కూలి ఇంట్లోకి వచ్చేదాకా మీడియం వేవ్ ఆపొద్దు, మూసే ముందు పంచాయతీలను అడగాలి, సంఘం రేడియోలకు వార్తల హక్కు ఇవ్వాలి అని మూడు మాటలు రాసి సంతకాలు తీసుకుంటున్నాం. పెద్దమ్మ వేలిముద్ర వేసి, "బ్యాటరీలు ఎవరైనా కొనిపెడతారా మరి?" అంది.