30 గుంటలు ఎక్కువా, 70 సెంట్లు ఎక్కువా? భిన్నాల్ని పోల్చడం ఎలా

ఈ రోజు టాపిక్ భిన్నాలు. ఆగండి ఆగండి, అప్పుడే స్క్రోల్ చేయకండి. ఇది ఆరో క్లాస్ లెక్కే, కానీ ఈ రోజు దీన్ని భూమి మీద పెట్టి చూద్దాం.

మాది బొంగులూరు. ఇబ్రహీంపట్నం మండలం, నాగార్జునసాగర్ రోడ్డు మీద, ఓఆర్‌ఆర్ 12వ ఎగ్జిట్. పక్కనే ఆదిబట్ల. ఇటు వస్తే మీకే తెలుస్తుంది, ఎటు చూసినా వెంచర్ బోర్డులే. ఇక్కడ ఛాయ్ తాగేటప్పుడు కూడా గుంటలు, గజాలు, వాటాలు అనే మాటలే వినపడతాయి. ఆంధ్ర నుంచి కొనడానికి వచ్చినవాళ్లు సెంట్లలో మాట్లాడతారు, మావాళ్లు గుంటల్లో మాట్లాడతారు.

సో, ఫస్ట్ ప్రశ్న. ఒకాయన దగ్గర 30 గుంటలు ఉంది. ఇంకొకాయన దగ్గర 70 సెంట్లు ఉంది. ఎవరిది ఎక్కువ భూమి?

70 పెద్ద నంబర్ కదా అని 70 సెంట్లు అన్నారా? కాదు. 30 గుంటలే ఎక్కువ. ఎంత ఎక్కువో తెలుసా? 242 గజాలు. అంటే మంచి సైజు ప్లాటు ఒకటి!

ఎలాగో చూద్దాం.

ముక్క సైజు తెలియకుండా ముక్కలు లెక్కపెట్టొద్దు

ఎకరానికి 40 గుంటలు. అదే ఎకరానికి 100 సెంట్లు. అంటే 30 గుంటలు = ఎకరంలో 30/40. 70 సెంట్లు = ఎకరంలో 70/100.

పైన ఉన్న నంబర్ లవం, కింద ఉన్నది హారం. న్యూమరేటర్, డినామినేటర్ అని మనం చదువుకున్నవి ఇవే. హారం చెప్పేది ఏంటంటే, మొత్తాన్ని ఎన్ని సమాన ముక్కలు చేశామో. లవం చెప్పేది, అందులో మన దగ్గర ఎన్ని ముక్కలున్నాయో.

హారం పెరిగే కొద్దీ ముక్క చిన్నదైపోతుంది. ఎకరాన్ని 40 ముక్కలు చేస్తే ఒక్కో ముక్క 121 గజాలు. 100 ముక్కలు చేస్తే ఒక్కోటి 48.4 గజాలే. అందుకే 30 పెద్ద ముక్కలు, 70 చిన్న ముక్కల్ని దాటేశాయి.

ఈ ఎపిసోడ్ మొత్తానికి ఒకటే మాట గుర్తుపెట్టుకోండి: ముక్కల సైజు ఒకటయ్యేదాకా ముక్కల సంఖ్య పోల్చొద్దు. మిగతావన్నీ ఆ సైజు ఒకటి చేసే పద్ధతులే.

పద్ధతి 1: హారాలు ఒకటి చేయడం

ఇంకో ఉదాహరణ తీసుకుందాం. ఒక రైతుకి ఎకరం భూమి ఉంది, డెవలప్‌మెంట్‌కి ఇద్దామనుకుంటున్నాడు. ఒక బిల్డర్ ఎకరంలో 3/8 వాటా ఇస్తా అన్నాడు. ఇంకొకడు 2/5 ఇస్తా అన్నాడు. వినడానికి 3/8 పెద్దగా అనిపిస్తుంది, ఎందుకంటే రెండు నంబర్లూ పెద్దవి. నిజం ఏంటో చూద్దాం.

8కీ 5కీ కసాగు, అంటే ఎల్‌సీఎం, 40. రెండింటినీ 40 కిందికి తెద్దాం.

3/8 = 15/40
2/5 = 16/40

ఇప్పుడు ముక్కలు ఒకే సైజు. 16 ఎక్కువ. సో 2/5 పెద్దది.

ఆ 40 ని ఎక్కడో చూసినట్టుంది కదా? ఎకరానికి 40 గుంటలు! అంటే 3/8 ఎకరం అంటే 15 గుంటలు, 2/5 ఎకరం అంటే 16 గుంటలు. గుంట అనేది మన పెద్దోళ్లు ముందే రెడీగా పెట్టిన ఉమ్మడి హారం. 40 ని 2, 4, 5, 8, 10 అన్నీ భాగిస్తాయి. అందుకే అర, పావు, ఐదో వంతు, ఎనిమిదో వంతు అన్నీ పూర్తి గుంటల్లోనే వస్తాయి.

అణాలు కూడా అంతే. రూపాయికి 16 అణాలు. అర్ధ రూపాయి 8 అణాలు, పావలా 4 అణాలు, బేడ 2 అణాలు. అన్నీ పదహారో వంతుల్లోనే ఉన్నాయి కాబట్టి పోల్చడం ఈజీ. 1957 ఏప్రిల్ 1న మనం పైసలకి మారాం. పావలా సాఫీగా 25 పైసలైంది, కానీ ఒక అణా 6.25 పైసలైంది. హారం మారితే నిన్న సాఫీగా ఉన్న ముక్క ఇవాళ సాఫీగా ఉండదు. "పదహారణాల తెలుగు" అంటాం చూడండి, అది 16/16. అంటే ఫుల్ మార్కులు.

పద్ధతి 2: అడ్డ గుణకారం

రెండే భిన్నాలుంటే కసాగు కూడా అక్కర్లేదు. 3/8, 2/5 తీసుకోండి. 3ని అవతలి హారం 5తో గుణించండి: 15. 2ని ఇవతలి హారం 8తో గుణించండి: 16. 15 కన్నా 16 పెద్దది, సో 2/5 పెద్దది.

ఇది మ్యాజిక్ కాదు. 8నీ 5నీ గుణిస్తే వచ్చే 40ని ఉమ్మడి హారంగా తీసుకున్నాం, కింద రాయలేదు, అంతే. రెండింటికీ కింద 40 ఉన్నప్పుడు పైన ఉన్నవి చూస్తే చాలు కదా.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసేటప్పుడు ఇదే వాడేవాళ్లం. కంప్యూటర్‌లో దశాంశాలతో ఒక చిక్కుంది. 0.1కి 0.2 కలిపితే 0.3కి సమానమా అని చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో అడిగి చూడండి, కాదు అంటుంది. అందుకే కచ్చితంగా పోల్చాల్సిన చోట భాగించకుండా అడ్డంగా గుణిస్తాం. పూర్ణ సంఖ్యలకి పూర్ణ సంఖ్యలే వస్తాయి, రౌండింగ్ గోల ఉండదు.

ఆ రౌండింగ్ గోల ఎంత ఖరీదో ఇంకాసేపట్లో చెప్తా.

పద్ధతి 3: చూడగానే చెప్పేయడం

పోటీ పరీక్షలకి ప్రిపేర్ అవుతున్నవాళ్లు ఇది నోట్ చేసుకోండి. టైమ్ బాగా మిగులుతుంది.

ఒకటి, లవాలు ఒకటే అయితే హారం చిన్నదే పెద్ద భిన్నం. 5/7, 5/9 లో 5/7 పెద్దది. ముక్కలు ఐదే, కానీ ఏడో వంతు ముక్క పెద్దది.

రెండు, సగంతో పోల్చండి. 4/9, 7/12. 9లో సగం 4.5, 4 దాని కన్నా తక్కువ. 12లో సగం 6, 7 దాని కన్నా ఎక్కువ. సో 7/12 పెద్దది. పెన్ను కూడా తీయక్కర్లేదు.

మూడు, ఒకటికి ఎంత తక్కువ ఉందో చూడండి. 5/6, 11/12, 3/4, 7/8 ని క్రమంలో పెట్టాలి. ఒకటికి తక్కువైంది వరసగా 1/6, 1/12, 1/4, 1/8. ఎవరికి లోటు ఎక్కువో వాళ్లే చిన్న. సో చిన్న నుంచి పెద్దకి: 3/4, 5/6, 7/8, 11/12.

ఈ మూడూ పనిచేయకపోతే మళ్లీ కసాగుకే రండి. ఉదాహరణకి 4/9, 3/8, 5/12, 2/5. అన్నీ సగం కన్నా తక్కువే, కంటికి అన్నీ ఒకేలా ఉన్నాయి. కసాగు 360. వరసగా 160, 135, 150, 144. సో 3/8, 2/5, 5/12, 4/9. అయిపోయింది.

చుక్క చూసి దశాంశం అనుకోవద్దు

తెలంగాణలో భూమి కాగితాల మీద 2.20 అని ఉంటే, అది 2 ఎకరాల 20 గుంటలు. అంటే రెండున్నర ఎకరాలు. రెండు పాయింట్ రెండు కాదు! అదే ఆంధ్రలో 2.20 అంటే 2 ఎకరాల 20 సెంట్లు, అది నిజంగానే 2.2 ఎకరాలు. రాత ఒకటే, హారాలు వేరు.

అందుకే ఫోన్ కాలిక్యులేటర్‌లో 2.20కి 1.30 కలిపితే 3.50 అని చూపిస్తుంది. గుంటల్లో అయితే అది 3 ఎకరాల 50 గుంటలు, అంటే 4 ఎకరాల 10 గుంటలు. కాలిక్యులేటర్‌కి హారం 40 అని తెలీదు, మీకు తెలియాలి.

1/9 నుంచి 1/3కి

ఇప్పుడు అసలు విషయం. భిన్నాల్ని పోల్చడం రాకపోతే ఎవరికి నష్టం? మన ఇళ్లల్లో అయితే ఎక్కువగా ఆడపిల్లలకి.

ఒక హిందూ కుటుంబం, పిత్రార్జితంగా వచ్చిన ఉమ్మడి భూమి 4 ఎకరాల 20 గుంటలు. గుంటల్లోకి మార్చండి: 180. తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. తల్లి లేదు. తండ్రి వీలునామా రాయకుండా చనిపోయాడు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో మొదట ఉన్న పద్ధతి ప్రకారం, పుట్టుకతో హక్కు కొడుకులకే. ముందు తండ్రికీ ఇద్దరు కొడుకులకీ తలా 1/3 అని లెక్క వేస్తారు. తర్వాత తండ్రి 1/3ని ముగ్గురు పిల్లలకీ పంచుతారు, ఒక్కొక్కరికి 1/9. సో ఒక్కో కొడుక్కి 1/3 + 1/9 = 3/9 + 1/9 = 4/9. కూతురికి 1/9 మాత్రమే. గుంటల్లో చెప్పాలంటే 80, 80, 20.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచి అప్పటికి పెళ్లి కాని కూతుళ్లకి పుట్టుకతో హక్కు వచ్చింది. 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతా, పెళ్లైనా కాకపోయినా, కొడుకుతో సమానం. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

కొత్త లెక్క చూడండి. ముందు తండ్రికీ ముగ్గురు పిల్లలకీ తలా 1/4. తండ్రి 1/4 ముగ్గురికి పంచితే తలా 1/12. ఎవరైనా వచ్చి, "అప్పుడు నాన్న వాటాలో 1/9 వచ్చేది, ఇప్పుడు 1/12 వస్తుంది, కూతురికి తగ్గింది కదా" అంటే నమ్మేస్తారా? 1/12 నిజంగానే 1/9 కన్నా చిన్నది. కానీ అది ఒక్క భాగమే. మొత్తం 1/4 + 1/12 = 3/12 + 1/12 = 4/12 = 1/3. గుంటల్లో 60, 60, 60.

20 గుంటలు 60 గుంటలయ్యాయి. 1/9, 1/3 అని కాగితం మీద చూస్తే తేడా తెలీదు. 1/9, 3/9 అని రాయండి, మూడు రెట్లు అని కనపడుతుంది.

ఇందాక రౌండింగ్ గురించి చెప్తా అన్నా కదా. ఈ 1/3ని ఎవరైనా "33 శాతం, 0.33" అని రాస్తే? 180లో 59.4 గుంటలే వస్తాయి. 0.6 గుంట, అంటే 72.6 గజాలు గాల్లో కలిసిపోతాయి. అందుకే వాటాని 1/3 అనే రాయించుకోండి.

ఒక్క మాట, ఇది లెక్క అర్థం కావడానికి చెప్పింది. పాత పంపకాలు, వీలునామా, తల్లి వాటా ఉంటే లెక్క మారుతుంది. మీ ఇంటి విషయం లాయర్‌ని అడగండి. కాకపోతే లాయర్ చెప్పే భిన్నం మీకు అర్థం కావాలి.

ఏ మొత్తంలో?

లాస్ట్ పాయింట్. భిన్నాలు పోల్చాలంటే మొత్తం కూడా ఒకటే ఉండాలి. ఇందాకటి రైతు దగ్గరికి మూడో బిల్డర్ వచ్చి "సగం ఇస్తా" అన్నాడు అనుకోండి. 1/2, 2/5 కన్నా పెద్దదే. కానీ దేనిలో సగం? రోడ్లు, పార్కు తీసేశాక మిగిలిన దాంట్లో అంటే? ఉదాహరణకి 12 గుంటలు వాటికి పోతే మిగిలింది 28, అందులో సగం 14. మొత్తం ఎకరంలో 2/5 అన్నవాడు ఇచ్చేది 16. పెద్ద భిన్నం, తక్కువ భూమి! కాబట్టి వాటా ఎంత అని అడిగే ముందు, దేనిలో వాటా అని అడగండి.

హోమ్‌వర్క్: 5/8, 23/40, 3/5, 7/12. చిన్న నుంచి పెద్దకి పెట్టండి. క్లూ, మూడెకరాలు అనుకోండి, 120 గుంటలు.

చేశారా? 69, 70, 72, 75. సో 23/40, 7/12, 3/5, 5/8. కరెక్ట్ వస్తే ఇంట్లో ఉన్న భూమి కాగితం ఒకసారి తీసి, చుక్క తర్వాత ఉన్నది గుంటలా సెంట్లా చూడండి. ఉంటా ఫ్రెండ్స్, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.