గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్టు: రైతులు తెలిసికొనవలసిన సంగతులు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో వరికోతలు ముగియగనే ధాన్యపు బస్తాలు గిడ్డంగులకు చేరును. దుగ్గిరాలలో పసుపు బస్తాలు శీతల గిడ్డంగులలో నిలువయుండును. ఈ బస్తాలను ముఠా కూలీలు వీపుపై మోసి నెట్లు కట్టుట మన మెరిగినదే. 2023 మే నెలలో కేంద్ర ప్రభుత్వము సహకార సంఘములలో ధాన్యపు గిడ్డంగులు నిర్మించు ప్రణాళికను ఆమోదించినది. గిడ్డంగులు పెరిగినకొలది ఫోర్క్‌లిఫ్టు బండ్ల అవసరమును పెరుగును. ఈ బండి శ్రమను తగ్గించును గాని, దాని స్వభావ మెరుగనివారి చేతిలో ప్రాణములు తీయును.

ఎద్దుబండిలో బరువు వెనుకకు పడినచో కాడి పైకి లేచునని ప్రతి రైతు నెరుగును. ఫోర్క్‌లిఫ్టును అట్టిదే. ముందర రెండు ఇనుప కొమ్ములపై సరుకు, వెనుక పెద్ద ఇనుప దిమ్మ. ఈ రెంటి నడుమ ముందు చక్రములే త్రాసుముల్లు. సరుకు ముందునకు జరిగినకొలది వెనుక చక్రములు తేలును. ఒక బండి 2,000 కిలోలు, అనగా 50 కిలోల బస్తాలు 40 ఎత్తగలదనుకొందము. ఆ లెక్క సరుకు నడిమిభాగము కొమ్ముల మొదటినుండి 50 సెంటీమీటర్లలో నున్నప్పటిది. ముందు ఇరుసునుండి కొమ్ముల మొదటికి 40 సెంటీమీటర్లున్న బండిలో ఆ నడిమిభాగము 80 సెంటీమీటర్లకు జరిగినచో, 30 బస్తాలకు మించి ఎత్తరాదు. కావున బండిపై నున్న బరువుల పలకను చదివి, సరుకును కొమ్ముల మొదటికి ఆనించియే ఎత్తవలయును.

నడుపునపుడు కొమ్ములు నేలకు సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తుననే యుండవలయును. సరుకు పైకెత్తి మలుపు తిరిగిన బండి ప్రక్కకు ఒరిగిపోవును. వాలుపై సరుకు ఎల్లప్పుడు ఎగువ వైపున నుండవలయును. బస్తాలు చూపున కడ్డమైనచో వెనుకకు చూచుచు వెనుకకే నడుపవలయును; వాలు ఎక్కునపుడు మాత్రము ముందునకే నడుపుచు, దారి చూపుటకు వేరొకరిని దూరముగ నిలుపవలయును. ఈ బండి వెనుక చక్రములతో తిరుగును గనుక దాని తోక విసురుగ ప్రక్కకు వచ్చును. ఆ చోట ఎవరును నిలువరాదు.

నెట్టు పైకెక్కుటకు కూలీలను కొమ్ములపై నిలిపి ఎత్తుట, ఎత్తిన సరుకు క్రింద నడచుట ఎన్నటికిని కూడదు. బండి ఒరుగునపుడు చోదకుడు దూకరాదు. దూకినవారు బండి క్రిందనే పడుదురు. నడుమునకు పట్టీ ధరించి, చక్రము గట్టిగ పట్టుకొని, ఒరుగు దిశకు ఎదురుగ వాలవలయును. మూసిన గిడ్డంగిలో డీజిలు బండి నడుపరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడునకు వాసనలేదు, అది తెలియకయే ప్రాణము తీయగలదు.

ట్రాక్టరు నడిపినవాడు దీనిని గూడ నడుపగలడని తలచుట పొరపాటు. బండి కొను దినముననే చోదకుని శిక్షణకును సొమ్ము కేటాయింపవలయునని సభ్యులు సర్వసభ్య సమావేశమున పట్టుబట్టవలయును.