గోడ చెక్కదా, ఇటుకదా?
అండమాన్‌లో ఇల్లు కాలితే, నిప్పు ఎలా పుట్టిందన్న విచారణ కంటే పాలసీ పత్రంలో రాసిన ఒక్క మాటే క్లెయిం తలరాతను తేల్చవచ్చు

అండమాన్ దీవుల్లో కలపతో కట్టిన ఇళ్లకు కొదవ లేదు. చాథమ్‌లో కలప కోత మిల్లు 1883లోనే మొదలైంది. చెక్క గోడలు, రేకుల పైకప్పు ఉన్న ఇళ్లు పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయ పురం) పాత వీధుల్లో నేటికీ కనిపిస్తాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఎక్కువగా శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వలస వెళ్లిన కుటుంబాలవి. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు దేశమంతా కదిలింది, ప్రభుత్వం శాశ్వత గృహాలు కట్టించింది. కానీ ఒక్క ఇల్లు కాలితే ప్యాకేజీలేమీ రావు. బాధితుడే కాగితాలు పట్టుకుని తిరగాలి.

ఆ తిరుగుడు మూడు చోట్ల. మొదటిది అగ్నిమాపక కేంద్రం, పోలీసు స్టేషన్. దీవుల్లో అగ్నిమాపక విభాగం పోలీసు శాఖలో భాగం. ఫోన్ ఎప్పుడొచ్చింది, మంటలు ఎక్కడ మొదలయ్యాయి, ఎంత నష్టం అన్నది వారి నివేదికలో ఉంటుంది. రెండోది రెవెన్యూ కార్యాలయం. ప్రభుత్వ విపత్తు సాయం పొందగల ప్రమాదాల జాబితాలో అగ్నిప్రమాదమూ ఉంది. అయితే అది ఊరటే తప్ప నష్టానికి సరిపడా పరిహారం కాదు. మూడోది బీమా సంస్థ. నిర్ణీత మొత్తం దాటిన నష్టాన్ని లైసెన్సున్న సర్వేయర్ మదింపు చేయాలని 1938 నాటి బీమా చట్టంలోని 64యూఎం సెక్షన్ చెబుతోంది.

ఈ మూడింటిలో జనాన్ని ఎక్కువగా భయపెట్టేది మొదటిదే. 'షార్ట్ సర్క్యూట్' అని రాస్తే డబ్బు రాదేమో, 'కారణం తెలియదు' అంటే అనుమానిస్తారేమోనన్న బెంగ. నిజానికి నిప్పు ఎలా పుట్టిందన్నది అనుకున్నంత కీలకం కాదు. పాలసీదారుడే నిప్పు పెట్టలేదన్నప్పుడు కచ్చితమైన కారణం తేలకపోయినా క్లెయిం నిలుస్తుందని న్యూ ఇండియా అష్యూరెన్స్, ముదిత్ రోడ్‌వేస్ కేసులో 2023లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అది గోదాము కేసే అయినా సూత్రం ఇంటికీ వర్తిస్తుంది. సర్వేయర్ నివేదికే తుది మాట కాదని 2009లోనే అదే కోర్టు మరో కేసులో చెప్పింది.

అసలు చిక్కు మరోచోట ఉంది. చెక్క పలకలు, వెదురు, తాటాకు, గడ్డి, టార్పాలిన్ వంటి వాటితో గోడలు గానీ పైకప్పు గానీ ఉంటే అది బీమా పరిభాషలో 'కచ్చా' నిర్మాణం. తరాలుగా గట్టిగా నిలిచిన చెక్క ఇల్లయినా అంతే. కచ్చా అంటే ప్రీమియం పెరగొచ్చు, సంస్థ పాలసీ ఇవ్వడానికే వెనుకాడొచ్చు. అందుకే దరఖాస్తులో 'పక్కా' అని నింపేసే ప్రమాదం ఉంది. అంతా కాలి బూడిదయ్యాక సర్వేయర్ ముందుగా చూసేది ఆ గోడ దేనితో కట్టారనే. తప్పుడు వర్ణన తేలితే కట్టిన ప్రీమియం కూడా ఆదుకోకపోవచ్చు.

2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీ కొన్ని పాత తలనొప్పులను తగ్గించింది. ఇంటి విలువ తక్కువగా చూపారన్న సాకుతో పరిహారంలో కోత పెట్టే పద్ధతి అందులో లేదు. భవనానికి బీమా చేస్తే అందులో 20 శాతం మేరకు, గరిష్ఠంగా రూ.10 లక్షల దాకా, సామానుకూ రక్షణ ఉంటుంది. అద్దెకున్నవారు సామానుకు మాత్రమే పాలసీ తీసుకోవచ్చు. నగలకు మాత్రం విడిగా కవర్ అడగాలి.

గడువులూ బిగిశాయి. 2002 నాటి నిబంధనల్లో సర్వేయర్‌ను పంపడానికి 72 గంటలు, నివేదికకు 30 రోజులు. 2024లో బీమా నియంత్రణ సంస్థ వాటిని 24 గంటలకు, 15 రోజులకు కుదించింది. నివేదిక అందిన ఏడు రోజుల్లో సంస్థ నిర్ణయం చెప్పాలి. ఆలోగా శిథిలాలను తొలగించకుండా ఫోటోలు తీసి, బిల్లులు, బ్యాంకు ఖాతా వివరాలు కూడగట్టడం బాధితుడి పని. బిల్లులు కాలిపోతే అమ్మిన దుకాణం నుంచి నకలు తెచ్చుకోవచ్చు.

నిర్ణయం నచ్చకపోతే ముందు సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అది తిరస్కరించినా, నెలలోగా బదులివ్వకపోయినా ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రూ.50 లక్షల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఆయనకుంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. అండమాన్‌కు ఆ కార్యాలయం సముద్రానికి అవతల, కోల్‌కతాలో ఉంది. అయితే 2021లో నిబంధనలు సవరించాక ఆన్‌లైన్ ఫిర్యాదుకు, వీడియో విచారణకు వీలుంది.

ఈ ఏర్పాట్లన్నీ నిప్పు ఆరాక అక్కరకొచ్చేవి. చెక్క ఇంటివారికి వాటికంటే ముందే ఒక పని ఉంది. బీరువాలోని పాలసీ ఇవాళే తీసి, తన గోడల గురించి అందులో ఏం రాసుందో చదువుకోవడం. తప్పుంటే ఇప్పుడే దిద్దించుకోవచ్చు. దానికి పెరిగే ప్రీమియం ఎంతైనా, ఇంటి విలువ ముందు అది చిన్న మొత్తమే.