వరటా: ఇసుకరాతి నేలపై ఎఱ్ఱని పువ్వు

అరకులోయ కాఫీతోటలను చూచినవారికి సిల్వర్ ఓక్ వృక్షము పరిచితమే. కాఫీ మొక్కకు నీడనిచ్చుచు, మిరియపు తీగకు ఊతగా నిలుచు ఆ చెట్టు మన దేశపుది కాదు. ఆస్ట్రేలియా తూర్పు ప్రాంతమునుండి వచ్చినది. ప్రోటియా కుటుంబమునకు చెందిన ఆ చెట్టునకు స్వదేశమున ఒక చుట్టము కలదు. దాని పేరు వరటా.

సిడ్నీ నగర పరిసరములందును, దానికి పడమటనున్న బ్లూ మౌంటెన్స్ కొండలయందును పెరుగు పొద యిది. మూడు నాలుగు మీటర్ల ఎత్తు వరకు ఎదుగును. సెప్టెంబరు, అక్టోబరు నెలలు అచట వసంతకాలము. అప్పుడు కొమ్మల చివరల ఎఱ్ఱని పూలు పూయును. మనము ఒక్క పువ్వని భ్రమించునది నిజమునకు ఒక గుత్తి. అందు నూటికి పైగా చిన్న పూలు ఇమిడియుండును. చుట్టును రేకులవలె కనబడునవి రంగు మారిన ఆకులే. తేనెకై వచ్చు పక్షులు పుప్పొడిని పొదనుండి పొదకు చేర్చును. ‘వరటా’ సిడ్నీ ప్రాంతపు ఆదివాసుల మాట. శాస్త్రజ్ఞులు పెట్టిన ‘టెలోపియా’ అను పేరునకు దూరమునుండి కానవచ్చునది అని అర్థము. 1962లో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రము దీనిని తన పుష్పచిహ్నముగా ప్రకటించినది.

ఇంతటి శోభ ఎట్టి నేలలో పుట్టినది? ఇసుకరాయి అరిగి ఏర్పడిన నిస్సారపు మన్నులో. అందు భాస్వరము మిక్కిలి తక్కువ. కనుక వరటా సన్నని పిల్లవేళ్లను కుచ్చులు కుచ్చులుగా వేసి, ఉన్న కొద్దిపాటి భాస్వరమును కూడదీసికొనును. జాలిపడి భాస్వరపు ఎరువు మిక్కుటముగా వేసినచో మొక్కకు హానియే కలుగును. లేమికి అలవడిన వేళ్లకు కలిమి అరగదు!

ఆ అడవులకు కార్చిచ్చు క్రొత్త కాదు. కొమ్మలు బూడిదయైనను, నేలలో దుంపవలె ఉబ్బిన మొదలు బ్రదికియుండి మరల చిగిర్చును. రమారమి రెండేండ్లకు పొద విరగబూయును. కాయలు పండి పగిలి, రెక్కలున్న గింజలు గాలికెగిరి, వెలుతురు చొరబడిన నేలపై మొలచును.

అయినను ప్రతి నిప్పును మేలు చేయునని తలపరాదు. మొలక తన దుంపను పెంచుకొనుటకు ఏండ్లు పట్టును. అంతలోనే మరల నిప్పంటినచో లేత మొక్క నశించును. ముదురు పొద సైతము మాటిమాటికి చిగిర్చి, దాచుకొన్న బలమును కోల్పోవును. 2019–20 వేసవిలో బ్లూ మౌంటెన్స్ అడవులలో అధికభాగము కాలినది. భూతాపము హెచ్చుచున్నకొలది ఒక కార్చిచ్చునకును మరియొకదానికిని నడుమ వ్యవధి తగ్గునేమో యని శాస్త్రజ్ఞుల భయము. నిప్పునోర్చు శక్తి వరటాకు కలదు. కాని తేరుకొనుటకు కొన్ని ఏండ్ల గడువు కావలయును. ఆ గడువును దానికి మిగుల్చుట మానవుల చేతిలోనున్నది.