దిల్‌సుఖ్‌నగర్ షోకుల్లో మన ఊరి సరుకు

పోచంపల్లి వైపు నుంచి వచ్చిన బస్సు ఎల్.బి.నగర్ కూడలిలో ఆగింది. భుజాన బియ్యం సంచి, చేతిలో పచ్చడి డబ్బాతో ఒక తండ్రి దిగాడు. దారి అడుక్కుంటూ హాస్టల్ చేరాడు. మెట్లు దిగి వచ్చిన కొడుకును ఒక క్షణం పోల్చుకోలేకపోయాడు. చెవుల పక్కన జుట్టు బొత్తిగా లేదు, నడినెత్తిన మాత్రం కుప్పగా ఉంది. ప్యాంటు రెండు మోకాళ్ల దగ్గరా చిరిగి ఉంది.

"గిదేంది బిడ్డా, కుట్టించుకోరాదూ?"

"కొన్నప్పుడే గిట్లుంది నాయినా!"

ఇలాంటి సంభాషణ ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఎన్ని ఇళ్లలో జరిగి ఉంటుందో లెక్క కట్టినవారు లేరు. విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు రెండూ వచ్చి కలిసేది ఎల్.బి.నగర్‌లోనే. మన జిల్లావాసులకు రాజధాని వాకిలి అదే. 2018 సెప్టెంబరు 24న ఎల్.బి.నగర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రో రైలు మొదలైన తర్వాత ఈ వాకిలి మరింత రద్దీ అయింది. అక్కడి నుంచి చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ దాకా సందు సందునా హాస్టళ్లే. కానిస్టేబుల్ పరీక్షకు, టీచరు పోస్టుకు, బ్యాంకు ఉద్యోగానికి శిక్షణ ఇస్తామని గోడల నిండా కాగితాలు. ఆ కాగితాల మధ్యనే కుర్రకారు కొత్త వేషభాషలు నేర్చుకుంటున్నారు.

నేర్చుకుంటున్నారనడం కూడా పూర్తిగా సరికాదు. ఆ షోకుల్లో సగం సరుకు మన ఊళ్ల నుంచి వెళ్లిందే.

చిరుగుల కథ

ముందు ఆ ప్యాంటు సంగతి. జీన్స్ దొరబాబుల కోసం పుట్టిన బట్ట కాదు. అమెరికాలో కూలీల ప్యాంట్లు ఊరికే చిరిగిపోతున్నాయని జేకబ్ డేవిస్ అనే దర్జీ జేబుల మూలల్లో రాగి మేకులు బిగించాడు. లెవీ స్ట్రాస్ అనే బట్టల వర్తకుడితో కలిసి 1873 మే 20న దానికి పేటెంటు పొందాడు. చిరగకూడదని కనిపెట్టిన బట్టను ఇప్పుడు ఫ్యాక్టరీలోనే చించి అమ్ముతున్నారు. కలికాలం అనే పెద్దలూ ఉన్నారు. కానీ 1970 దశకంలో చీపురు అవసరం లేకుండా వీధి ఊడ్చే బెల్‌బాటం ప్యాంట్లు తొడిగి, చెవులు కప్పేటంత జుట్టు పెంచి తిరిగిన కుర్రకారే ఈనాటి తాతలు. ఇంట్లో పాత ఫోటోలు ఉంటే తీసి చూసుకోవచ్చు!

అదే వీధుల్లో పోచంపల్లి డిజైన్ల కుర్తాలు, జాకెట్లు, సంచులు కూడా కనిపిస్తాయి. ఒకప్పుడు పెద్దవాళ్ల చీరగా మాత్రమే చూసిన బట్టను కాలేజీ పిల్లలు ఇప్పుడు జీన్స్ మీదికి తొడుగుతున్నారు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు 2005లో వచ్చింది. ఆ చీరకు ఆసు పోయడంలో తల్లి భుజం నొప్పితో పడిన బాధ చూడలేక యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం ఆలేరు ప్రాంతంవాడే. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన జీవితం మీదనే ‘మల్లేశం’ సినిమా వచ్చింది.

అయితే వీధిలో వేలాడే ప్రతి పోచంపల్లి కుర్తా మగ్గం మీద పుట్టింది కాదు. అసలు ఇక్కత్‌లో నూలుకే ముందుగా ముడులు వేసి రంగు అద్దుతారు, తర్వాత నేస్తారు. అందుకే పువ్వు ముందూ వెనుకా ఒకేలా కనిపిస్తుంది. మిల్లు బట్ట మీద డిజైన్ అచ్చు వేసినదైతే సాధారణంగా లోపలి వైపు వెలవెలబోతుంది. ధర మాత్రం బాగా తక్కువ. షోకు పెరిగినకొద్దీ నేతన్న కూలీ పెరగకపోవడానికి ఈ అచ్చు గుడ్డ కూడా ఒక కారణం.

దాచుకున్న యాస

బట్ట కన్నా పెద్ద మార్పు నాలుక మీద వచ్చింది.

ఒకప్పుడు మన పిల్లలు నగరంలో దిగగానే ముందు దాచుకున్నది యాసను. ‘గట్ల’, ‘గిట్ల’ అంటే పక్క గదిలో నవ్వుతారన్న భయం. సినిమాల్లో కూడా తెలంగాణ మాట వినిపిస్తే ఆ మనిషి హాస్యగాడో, రౌడీయో అయి ఉండేవాడు. హీరో నోట ఆ మాట అరుదు. తెలంగాణ ఉద్యమ కాలంలో ఊరి బాణీల పాట సభల్లో మోగింది, హాస్టళ్లలోనూ మోగింది. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడిన తర్వాత తెర కూడా మారింది. 2016లో తరుణ్ భాస్కర్ తీసిన ‘పెళ్లిచూపులు’లో కుర్రాళ్లు హైదరాబాద్‌లో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడారు. 2017లో శేఖర్ కమ్ముల ‘ఫిదా’లో హీరోయిన్‌ది తెలంగాణ పల్లె మాట. 2022లో ‘డీజే టిల్లు’ వచ్చాక ఆ హీరో మాట తీరును తెలంగాణేతర జిల్లాల కుర్రాళ్లు కూడా అనుకరించారు. ఎవరి యాసను చూసి నవ్వారో వారి యాసనే నేర్చుకునే రోజు వచ్చిందన్నమాట.

2023లో సిరిసిల్ల ప్రాంతానికి చెందిన వేణు యెల్దండి ‘బలగం’ తీశాడు. చావు ఇంట్లో కాకి ముట్టడం చుట్టూ అల్లిన కథ. ఆ సినిమాలో పల్లెటూరి మీద రాసిన పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ ఉత్తమ గీత రచయిత అవార్డు లభించింది. దీన్ని ఊళ్లలో తెరలు కట్టి చూశారు. నగరంలోని పిల్లలు చూసి ఇంటికి ఫోన్లు చేశారు.

దిల్‌సుఖ్‌నగర్ థియేటర్ల వీధికి ఒక చేదు జ్ఞాపకం కూడా ఉంది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల సమీపంలో బాంబులు పేలి పలువురు చనిపోయారు. వందమందికి పైగా గాయపడ్డారు. ఆ రాత్రి ఫోన్లు కలవక ఎన్నో ఊళ్లు నిద్రపోలేదు. ‘సినిమాకు పోయినవా?’ అని తల్లులు ఇప్పటికీ అడగడం వెనుక ఆ రాత్రి కూడా ఉంది.

డప్పు, ర్యాప్, గోడ బొమ్మ

ఇక పాటలు. మాటను తాళానికి కట్టి గబగబా చెప్పే ర్యాప్ 1970 దశకంలో న్యూయార్క్ బ్రాంక్స్ పేటలోని పేద నల్లజాతి యువకుల మధ్య పెరిగింది. హైదరాబాద్‌లో రోల్ రైడా వంటి కుర్రాళ్లు దాన్ని తెలుగులో పాడుతున్నారు. ఒగ్గు కథ విని పెరిగిన చెవికి ఇది మరీ పరాయిగా తోచదు. గణేశ్ నిమజ్జనానికి సరూర్‌నగర్ చెరువు దారిలో కుర్రకారును ఆడించే తీన్‌మార్ దెబ్బలోనూ కలగలుపు ఉంది. మన డప్పు ఒక వైపు, ఆఫ్రికా నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన సిద్దీల మర్ఫా ఇంకో వైపు. ధూల్‌పేట గల్లీల పాటలతో పేరు తెచ్చుకున్న రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవతో కలిసి పాడిన ‘నాటు నాటు’కు 2023లో ఆస్కార్ వచ్చింది. ఆ పాట రాసిన చంద్రబోస్ ఉమ్మడి వరంగల్ జిల్లా చల్లగరిగెవాడు.

గోడలదీ అదే కథ. ఒకప్పుడు సినిమా బ్యానర్లు రాసిన చిత్రకారులకు ఫ్లెక్సీ వచ్చి పని లేకుండా చేసింది. ఇప్పుడు మళ్లీ గోడకు కుంచె వచ్చింది. 2016లో ఖైరతాబాద్ దగ్గరి ఎం.ఎస్. మక్తా బస్తీ ఇళ్ల గోడలు పెద్ద పెద్ద బొమ్మలతో నిండిపోయాయి. స్వాతి, విజయ్ అనే చిత్రకారుల జంట నగరం గోడల మీద గీసే మనుషులు ఎవరో కాదు. పెద్ద బొట్టు, ముక్కుపుడక పెట్టుకున్న మన అమ్మలు, అవ్వలే.

ఇదంతా చూసి హాస్టల్ పిల్లవాడు సెల్‌ఫోన్‌తో తానూ ఒక పాటో, చిన్న సినిమానో తీస్తానంటాడు. తీయనివ్వవచ్చు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’ ఊరు కదలకుండానే గంగవ్వను ఇంటింటికీ పరిచయం చేసింది. హీరో వేషం ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగేవారి దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. అలాగే నెలవారీ కిస్తీల మీద కొన్న బూట్లు, ఫోను కోచింగ్ ఫీజును మింగేస్తున్న ఇళ్లూ ఉన్నాయి. దాన్ని జుట్టు మీద కోపంతో కాక, పక్కన కూర్చోబెట్టుకుని లెక్క అడిగి తేల్చుకోవాల్సి ఉంటుంది.

సాయంత్రం తిరుగు బస్సు ఎక్కేముందు ఆ తండ్రికి కొడుకు ఒక పొట్లం ఇచ్చాడు. లోపల పోచంపల్లి డిజైన్ చొక్కా. తండ్రి సంతోషంగా చొక్కా విప్పాడు. అలవాటు కొద్దీ అంచు పట్టుకుని లోపలి వైపు తిప్పి చూశాడు.

"అచ్చు గుడ్డ బిడ్డా ఇది. ఈసారి వచ్చేటప్పుడు నీకు మగ్గం మీదిది నేనే తెస్త."