లెక్క చెప్పగలిగే చదువు

ఇంటర్మీడియట్ ఫలితములు వచ్చిన వారమంతా మా యింటికి తల్లిదండ్రుల రాకపోకలు ఎక్కువగా ఉంటాయి. "అయ్యగారండీ, మా అమ్మాయి బి.కాం. చేరతానంటోందండి. కొట్లో గుమాస్తా పనికి అంత డబ్బు పోసి చదివించాలాండి?" అని రాయవరములో ఒక కౌలురైతు మమ్మును అడిగారు. ఆయనకు చెప్పిన సంగతే మీకూ వ్రాస్తున్నాము.

కొన్నేళ్ళ క్రితము మేము సేవ చేసిన ఒక సంఘములో మందిర నిర్మాణ నిధి లెక్క చూశారు. మార్చి 31 నాటికి కోశాధికారి పుస్తకములోని నిల్వకంటె బ్యాంకు పాసుపుస్తకములో 12,150 రూపాయలు తక్కువగా ఉన్నాయి. ఆ పెద్దాయన నమ్మకస్తుడైన రైతు. కాని కారణము చెప్పలేకపోయారు. గుసగుసలు మొదలయ్యాయి. ఆయన రెండు ఆదివారములు ఆరాధనకు రాలేదు.

అప్పుడు బి.కాం. రెండవ సంవత్సరము చదువుతున్న ఒక అమ్మాయి రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టుకొని కూర్చుంది. ఒక విశ్వాసి ఇచ్చిన 12,000 రూపాయల చెక్కును మార్చి 30న బ్యాంకులో వేశారు. అది ఖాతాలో జమ అయినది ఏప్రిల్ 4న. మిగిలిన 150 బ్యాంకువారు పట్టుకొన్న ఛార్జీలు. ఎవరి చేతికీ పైసా అంటలేదు. దీనినే కాలేజీలో బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక అని నేర్పుతారు. మేము వెళ్ళి ఆ పెద్దాయన చేతులు పట్టుకొని క్షమాపణ అడిగాము. ఒక దినము మేము కూడా అనుమానపడ్డాము గనుక.

ఈ చదువులో మొదట నేర్చుకొనేది ప్రతి వ్యవహారమును రెండు ఖాతాలలో వ్రాయుట, ఒకదానికి డెబిట్, మరొకదానికి క్రెడిట్. ఈ జంట పద్దు విధానమును 1494లో వెనిస్ నగరములో అచ్చయిన గ్రంథములో వివరించిన లూకా పాచోలీ ఒక క్రైస్తవ సన్యాసి. చిట్టా, ఆవర్జా, అంకణా, ఆస్తి అప్పుల పట్టీ వరుసగా వస్తాయి. తరువాత కంపెనీ లెక్కలు, తయారీ ఖర్చు లెక్కలు, ఆదాయపు పన్ను, 2017 జూలై 1న అమలులోనికి వచ్చిన జి.ఎస్.టి., వ్యాపార చట్టము, ఆడిటింగు, కంప్యూటరుపై ట్యాలీ. ఫైనాన్సులో అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టవచ్చునా, ఆ వడ్డీకి మించి రాబడి వస్తుందా అని తూచడము నేర్పుతారు.

"మీ లెక్కే చూద్దామండి" అని ఆ రైతుతో అన్నాము. ధాన్యము అమ్మగా 60,000 వచ్చాయి అనుకొందాము. ఎరువుల కొట్టులో అరువు 22,000, ఇవ్వవలసిన కౌలు 30,000, ముందే పెట్టిన దుక్కి, కూలి ఖర్చు 15,000. చేతిలో రొక్కము కనబడుతున్నది గాని నిజానికి 7,000 నష్టము. రొక్కము వేరు, లాభము వేరు. "ఆయ్, అందుకేనాండి యేటా అప్పు మిగులుతోంది?" అని ఆయన నెమ్మదిగా అన్నారు.

అయితే చదువు తెలివినిస్తుంది గాని నిజాయితీని ఇవ్వదు. సత్యం కంప్యూటర్స్ పుస్తకములలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని ఆ సంస్థ అధ్యక్షుడు రామలింగరాజు 2009 జనవరి 7న లేఖ వ్రాసి ఒప్పుకొన్నారు. అక్కడ లెక్కలు వ్రాసినవారు చదువురానివారు కారు. కనుక బిడ్డను కాలేజీకి పంపే ముందే నిజము పలుకుట ఇంటిలో నేర్పాలి.

డిగ్రీ చేతికి రాగానే ఉద్యోగము వస్తుందని మేము చెప్పము. బ్యాంకు పరీక్షలకు, ఆడిటరు ఆఫీసు పనికి ఇది దారి. 55 శాతము మార్కులతో బి.కాం. పూర్తిచేసినవారు సి.ఎ.లో మొదటిదైన ఫౌండేషన్ పరీక్ష వ్రాయకుండ రెండవ మెట్టుకు నేరుగా వెళ్ళవచ్చును.

ఆ రైతు కుమార్తె బి.కాం.లో చేరింది. ఇప్పుడు వారి యింట గోడకు ఒక నోటుపుస్తకము వ్రేలాడుతున్నది. అందులో మొదటి పేజీ ఎరువుల కొట్టు బాకీ.